గుండె కవాటం మార్చాక చలి ఎందుకు వేస్తుంది?



ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పేరు మీరంతా విన్నదే. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ ఉక్కు కర్మాగారం నిర్మించారు. దానిలోని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ వెళ్లి, అక్కడి సెక్టార్లలో స్థిరపడ్డాయి.

భిలాయి అంటేనే వేడి. కర్మాగారంలో కరిగిన ఇనుము 1,400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడితో కాలువలా పారుతుంది. బయట మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. అలాంటి ఊళ్లో ఒక ఇంటిని ఊహించుకోండి. కోక్ ఓవెన్ల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన తాతయ్య. నాలుగు నెలల కిందట ఆయనకు గుండెలో వాల్వు మార్చారు. ఏప్రిల్ నెల మధ్యాహ్నం. ఇంట్లో అందరూ కూలర్ ముందు చేరితే, ఆయన మాత్రం వరండాలో శాలువా కప్పుకుని కూర్చున్నారు.

"తాతయ్యా, ఫ్యాను వెయ్యనా?"

"వద్దురా నాన్నా, చలేస్తోంది. రక్తం పలచబడే మాత్రలు మింగుతున్నాను కదా, అందుకే ఒంట్లో వేడి నిలవడం లేదు. ఓ నాలుగు రోజులు ఆ మాత్రలు ఆపి చూద్దామనుకుంటున్నా."

ఈ రెండు మాటల్లో మూడు విషయాలున్నాయి. చలేస్తోందన్నది నిజం. దానికి ఆయన చెప్పుకున్న కారణం సరైనది కాదు. ఇక ఆయన చేయాలనుకుంటున్న పని ప్రాణానికే ముప్పు. ఈ మూడింటినీ విడివిడిగా అర్థం చేసుకోవడమే మన ఈనాటి పాఠం.

చలి ఎక్కడ పుడుతుంది?

మనం స్థిరోష్ణ జీవులం. బయట ఎండ ఉన్నా, మంచు ఉన్నా మన శరీరం లోపలి ఉష్ణోగ్రత దాదాపు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. తిన్న ఆహారం కణాల్లో ఆక్సిజన్‌తో కలిసి శక్తిగా మారేటప్పుడు వేడి పుడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి శరీరం కూడా సుమారు 80 నుంచి 100 వాట్ల వేడిని ఇస్తుంది. అంటే పాతకాలపు వంద క్యాండిల్ బల్బు ఒకటి మనలో ఎప్పుడూ వెలుగుతూ ఉన్నట్టే. కాలేయం, మెదడు, గుండె, కండరాలు ఈ వేడిని పుట్టించే ముఖ్యమైన భాగాలు.

పుట్టిన వేడి అన్ని చోట్లకూ ఎలా చేరుతుంది? దీనికి భిలాయిలోనే ఒక పోలిక దొరుకుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ గోడ కరిగిపోకుండా దాని లోపల అమర్చిన పలకల్లో నీరు నిరంతరం తిరుగుతూ ఉంటుంది. ఆ నీరు వేడిని మోసుకుని బయటికి వస్తుంది. మన శరీరంలో ఆ పని రక్తానిది. లోపలి అవయవాల్లో పుట్టిన వేడిని రక్తం చర్మానికి, చేతులకు, కాళ్లకు చేరుస్తుంది. నీటిని తిప్పడానికి అక్కడ పంపు ఉన్నట్టే, ఇక్కడ గుండె ఉంది.

ఈ వ్యవస్థకు కాపలాదారు మెదడులోని హైపోథాలమస్. శరీరం ఎంత వేడిగా ఉండాలో అది నిర్ణయిస్తుంది. వేడి తగ్గుతోందని తెలిస్తే ముందుగా చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అప్పుడు వేళ్లు చల్లబడతాయి, లోపలి వేడి మాత్రం బయటికి పోకుండా ఉంటుంది. అదీ చాలకపోతే కండరాలను వణికిస్తుంది. వణుకు అంటే కండరాలు వేడి కోసం చేసే పని.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గుర్తుంచుకోండి. చలిగా అనిపించడం, ఒళ్లు చల్లబడటం ఒకటి కాదు. చలి ఒక అనుభూతి. ఉష్ణోగ్రత ఒక కొలత. ఈ రెండూ ఒక్కోసారి కలుస్తాయి, ఒక్కోసారి విడిపోతాయి. కవాటం మార్చుకున్న మనిషికి మూడు రకాల చలి రావచ్చు.

మొదటిది, ఒళ్లు నిజంగానే చల్లబడి వచ్చే చలి. రెండోది, థర్మామీటరు మామూలుగా చూపిస్తున్నా అనిపించే చలి. మూడోది, ఒళ్లు వేడెక్కుతూ ఉండగా వణికించే చలి. మూడింటికీ మూడు కారణాలు, మూడు రకాల ప్రమాదాలు. ఒక్కొక్కటిగా చూద్దాం.

కవాటం ఎందుకు మారుస్తారు?

అంతకుముందు కవాటాల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. గుండెలో రెండు కర్ణికలు, రెండు జఠరికలు ఉన్నాయని, వాటి మధ్య, ధమనుల మొదట్లో మొత్తం నాలుగు కవాటాలున్నాయని మీరు చదువుకున్నారు. ఇవి రక్తాన్ని ఒకే దిశలో పోనిస్తాయి. నిమిషానికి 70 సార్లు చొప్పున లెక్కవేస్తే ఒక్కో కవాటం రోజుకు లక్ష సార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

మన దేశంలో చిన్న వయసులోనే కవాటాలు చెడిపోవడానికి పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల గొంతునొప్పి వచ్చి, దానికి సరైన చికిత్స జరగకపోతే, కొందరు పిల్లల్లో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున తన గుండె కవాటాల మీదే దాడి చేస్తుంది. ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లల్లో ఇది జరుగుతుంది. కవాటం బిగుసుకుపోవడమో, సరిగా మూసుకోకపోవడమో చాలా ఏళ్ల తర్వాత బయటపడుతుంది. పెద్ద వయసులో కాల్షియం పేరుకుని బృహద్ధమని కవాటం గట్టిపడటం మరో కారణం.

పాడైన కవాటాన్ని బాగుచేయలేనప్పుడు కొత్తది అమరుస్తారు. జంతు కణజాలంతో చేసినవి ఒక రకం. లోహంతోనో, ప్రత్యేక కార్బన్‌తోనో చేసిన యాంత్రిక కవాటాలు మరో రకం. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో మన దేశపు యాంత్రిక కవాటం తయారైంది. మొదట చేసిన నమూనాలు విఫలమైనా వారు వదల్లేదు. 1990 డిసెంబరు 6న దాన్ని మొదటిసారి ఒక రోగికి అమర్చారు. దాని చట్రం కోబాల్ట్, క్రోమియం కలిసిన మిశ్రమలోహం. లోపల తిరిగే బిళ్ల గట్టి పాలిథిలీన్. ఉక్కు ఊరి పిల్లలు ఇది గమనించాలి. ఏ లోహం ఎంతకాలం అరగకుండా ఉంటుందన్న ప్రశ్న రైలు పట్టాకే కాదు, గుండెకూ ముఖ్యమే.

మొదటి చలి: ఆపరేషన్ బల్ల మీద

గుండెను తెరిచి కవాటం మార్చాలంటే కాసేపు గుండెను ఆపాలి. గుండె ఆగితే మెదడుకు రక్తం ఆగుతుంది. మామూలు ఉష్ణోగ్రతలో మెదడు కొద్ది నిమిషాలకు మించి దీన్ని తట్టుకోలేదు. మరి ఎలా?

కెనడాలోని టొరంటోలో విల్‌ఫ్రెడ్ బిగెలో అనే శస్త్రవైద్యుడు ఒక ఉపాయం ఆలోచించాడు. శరీరాన్ని చల్లబరిస్తే కణాలకు కావలసిన ఆక్సిజన్ తగ్గుతుంది. 10 డిగ్రీలు చల్లబడితే అవసరం సుమారు సగానికి పడిపోతుంది. చలికాలమంతా నిద్రపోయే గ్రౌండ్‌హాగ్ అనే జంతువును కూడా ఆయన ఇందుకోసం పరిశీలించాడు. 1952 సెప్టెంబరు 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో జాన్ లూయిస్ బృందం ఐదేళ్ల పాపను సుమారు 28 డిగ్రీల దాకా చల్లబరిచి, గుండెకు వచ్చే రక్తాన్ని దాదాపు ఐదున్నర నిమిషాలు ఆపి, గుండె గదుల మధ్య ఉన్న రంధ్రాన్ని కుట్టింది. ఆ మరుసటి సంవత్సరం, 1953 మే 6న, ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిచేసే యంత్రంతో తొలి విజయవంతమైన శస్త్రచికిత్స చేశాడు. ఇప్పుడు ఈ రెండు పద్ధతులనూ కలిపి వాడుతున్నారు. రక్తాన్ని యంత్రం గుండా పంపుతూ, అక్కడే అవసరమైనంత చల్లబరిచి, పని అయ్యాక తిరిగి వెచ్చబరుస్తారు.

వెచ్చబరిచేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. రక్తం ఎక్కువగా పారే మెదడు, గుండె, కాలేయం త్వరగా వెచ్చబడతాయి. చేతులు, కాళ్లు, చర్మం కింది కొవ్వు ఇంకా చల్లగానే ఉంటాయి. యంత్రం ఆపిన తర్వాత రక్తం ఆ చల్లని భాగాల గుండా తిరిగి వచ్చేసరికి లోపలి ఉష్ణోగ్రత మళ్లీ ఒకటి రెండు డిగ్రీలు పడిపోవచ్చు. పెద్ద గుండిగలో నీళ్లు పైన మరిగినా, కలిపితే మళ్లీ గోరువెచ్చనైపోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. మత్తు మందులు హైపోథాలమస్ కాపలాను కూడా కాసేపు సడలిస్తాయి.

అందుకే ఐసీయూలో మెలకువ వచ్చిన రోగి తరచుగా చెప్పే మాట "చలేస్తోంది" అనే. అప్పుడు వచ్చే వణుకు శరీరానికి కావలసిన ఆక్సిజన్‌ను రెండు మూడు రెట్లు పెంచగలదు. అప్పుడే కోతకు గురైన గుండెకు అది భారం. కాబట్టి నర్సులు వెచ్చని గాలి నింపే దుప్పట్లు కప్పుతారు, వణుకు తగ్గే మందులు ఇస్తారు. ఇది నిజమైన చలి. థర్మామీటరు కూడా తక్కువే చూపిస్తుంది. అయితే కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. నాలుగు నెలల తర్వాత తాతయ్యకు వేసే చలి ఇది కాదు.

రెండో చలి: ఇంటికి వచ్చాక

థర్మామీటరు పెడితే ఉష్ణోగ్రత మామూలుగానే ఉంది. అయినా చలి. ఇలాంటప్పుడు ఒక కారణం కాదు, అనేక కారణాలు వెతకాలి.

మొదటిది రక్తహీనత. ఆపరేషన్‌లో కొంత రక్తం పోతుంది. పైగా యంత్రం గొట్టాలను నింపడానికి వాడిన ద్రవం రోగి రక్తంలో కలుస్తుంది. హీమోగ్లోబిన్ తగ్గితే కణాలకు ఆక్సిజన్ తగ్గుతుంది. శరీరం ఉన్న రక్తాన్ని ముఖ్యమైన అవయవాలకు మళ్లించి, చర్మానికి తగ్గిస్తుంది. చేతులు, పాదాలు చల్లబడతాయి, ఆయాసం, నీరసం ఉంటాయి. పోయిన ఎర్రరక్త కణాలు తిరిగి తయారవడానికి వారాలు పడుతుంది. శరీరంలో ఇనుము నిల్వ లేకపోతే నెలలు పట్టవచ్చు. భిలాయికి ఇనుప రాయి దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. మన ఎముక మజ్జకు ఇనుము మనం తినే ఆహారం నుంచే రావాలి.

రెండోది కండరాలు తగ్గడం. జబ్బుతో, ఆపరేషన్‌తో, అన్నం సహించక మనిషి బరువు తగ్గుతాడు. వేడి పుట్టించే కండరమూ తగ్గుతుంది, వేడిని ఆపే కొవ్వూ తగ్గుతుంది. పైగా ఎక్కువసేపు కూర్చునే, పడుకునే ఉంటాడు. పొయ్యిలో కట్టెలు తక్కువ, గోడ పలచన. గది చల్లబడక ఏమవుతుంది?

మూడోది మందులు. గుండె వేగాన్ని అదుపు చేయడానికి మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్ మందులు ఇస్తారు. ఇవి అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. చేతులు, కాళ్లు చల్లగా ఉండటం వీటివల్ల మామూలుగా వచ్చే ఇబ్బంది. అలాగని ఉన్నట్టుండి మానేయకూడదు. గుండె ఒక్కసారిగా వేగం అందుకోవచ్చు. మోతాదు మార్చాలా వద్దా అనేది వైద్యుడు తేలుస్తాడు.

నాలుగోది థైరాయిడ్. ఆపరేషన్ తర్వాత కొందరికి గుండె లయ తప్పుతుంది. దానికి అమియోడరోన్ అనే మందు వాడతారు. ఆ మందు బరువులో మూడో వంతు కంటే ఎక్కువ అయొడినే. అంత అయొడిన్ చేరితే కొందరిలో థైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది. థైరాయిడ్ అంటే శరీరపు పొయ్యికి మంట పెంచే మీట. అది తగ్గితే చలి, మలబద్ధకం, బద్ధకం, ముఖం ఉబ్బడం వస్తాయి. మామూలు రక్తపరీక్షతో ఇది తెలిసిపోతుంది. చికిత్స కూడా సులభం.

ఐదోది గుండె పంపు బలహీనత. కొత్త కవాటం సరిగా పనిచేయకపోయినా, గుండె కండరం ముందే దెబ్బతిని ఉన్నా రక్తప్రసారం తగ్గుతుంది. అప్పుడు చలితో పాటు ఆయాసం, కాళ్ల వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం ఉంటాయి. కవాటం అంచు దగ్గర రక్తం కారుతుంటే ఎర్రరక్త కణాలు ఆ సందులో నలిగి పగిలిపోతాయి. అప్పుడు మూత్రం ముదురు రంగులోకి మారవచ్చు, కళ్లు పచ్చబడవచ్చు. ఇలాంటి లక్షణాలు చలితో కలిసి వస్తే ఆలస్యం చేయకూడదు.

ఈ ఐదింటిలో చాలావరకు ఒక రక్తపరీక్షతో, మందుల చీటీ చూడటంతో, గుండెకు చేసే ఎకో పరీక్షతో తేలేవే. "పెద్ద ఆపరేషన్ అయ్యింది కదా, అంతే ఉంటుంది" అని సరిపెట్టుకుంటే మాత్రం తేలవు.

"రక్తం పలచబడింది" అనే మాట

ఇప్పుడు తాతయ్య చెప్పిన కారణం దగ్గరికి వద్దాం. యాంత్రిక కవాటం ఉన్నవారు జీవితాంతం వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వంటి మాత్రలు వాడాలి. జంతు కణజాలపు కవాటమైతే చాలామందికి మొదటి కొన్ని నెలలే అవసరమవుతాయి. జనం వీటిని "రక్తం పలచబడే మందులు" అంటారు. వైద్యులు కూడా తొందరగా అర్థం కావాలని అదే మాట వాడతారు. కాని ఆ మాట తప్పుదారి పట్టిస్తుంది.

పాలను తీసుకోండి. పాలలో నీళ్లు కలిపితే పాలు పలచబడతాయి. నీళ్లు కలపకుండా తోడు తక్కువ వేస్తే పాలు చిక్కగానే ఉంటాయి, పెరుగు మాత్రం ఆలస్యంగా తోడుకుంటుంది. వార్ఫరిన్ చేసే పని రెండోది. రక్తం గడ్డకట్టడానికి కాలేయం కొన్ని ప్రోటీన్లను తయారుచేస్తుంది. ప్రోథ్రాంబిన్ వాటిలో ఒకటి. వాటి తయారీకి విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ ఆ విటమిన్‌ను మళ్లీ మళ్లీ వాడుకోనివ్వదు. అంటే తోడును తగ్గిస్తుంది. రక్తంలో కణాలు, నీరు ఎంతున్నాయో అంతే ఉంటాయి. నిజంగా నీళ్లు కలిసినట్టు రక్తం పలచబడింది ఆపరేషన్ రోజున, యంత్రంలోని ద్రవం కలిసినప్పుడే.

ఈ మందు పుట్టుక కూడా ఒక శీతాకాలపు కథే. 1920లలో అమెరికా, కెనడాలలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చనిపోయేవి. 1933 ఫిబ్రవరిలో ఒక రైతు మంచు తుపానులో ప్రయాణించి, గడ్డకట్టని రక్తాన్ని పాలక్యానులో పోసుకుని విస్కాన్సిన్‌లోని కార్ల్ లింక్ ప్రయోగశాలకు తెచ్చాడు. ఆ గడ్డిలోని పదార్థాన్ని లింక్ బృందం వేరుచేసింది. దాని నుంచే తర్వాత వార్ఫరిన్ వచ్చింది. మొదట 1948లో ఎలుకల మందుగా, 1950లలో మనుషుల మందుగా వాడుకలోకి వచ్చింది.

మరి ఈ మాత్రలు వేసుకునేవారికి చలి వేయదా? కొందరికి వేస్తుంది. మందు వివరపత్రంలో కూడా చలిని ఒక దుష్ప్రభావంగా రాస్తారు. కాని రక్తం నీళ్లలా మారడం దానికి కారణం కాదు. ఇంకో దారి మాత్రం ఉంది. మోతాదు ఎక్కువై కడుపులోనో పేగుల్లోనో రక్తం కొద్దికొద్దిగా కారుతుంటే రక్తహీనత వస్తుంది, దానివల్ల చలి వేస్తుంది. మలం తారులా నల్లగా ఉండటం, చిగుళ్ల నుంచి రక్తం రావడం, ఒంటిమీద కమిలిన మచ్చలు పడటం దీనికి గుర్తులు. అప్పుడు చేయవలసింది మాత్రలు సొంతంగా మానేయడం కాదు, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లి ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించడం.

ఐ.ఎన్.ఆర్. అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని మామూలు మనిషితో పోల్చి చెప్పే సంఖ్య. ఆరోగ్యవంతుల్లో అది సుమారు 1. యాంత్రిక కవాటం ఉన్నవారిలో సాధారణంగా 2 నుంచి 3.5 మధ్య, కవాటం ఉన్న చోటును బట్టి వైద్యుడు నిర్ణయించిన అవధిలో ఉండాలి. అంతకంటే పెరిగితే రక్తస్రావం, తగ్గితే గడ్డలు.

మాత్రలు మానేస్తే ఏమవుతుంది? శరీరం కవాటాన్ని పరాయి వస్తువుగానే చూస్తుంది. దానిమీద రక్తం గడ్డకడుతుంది. గడ్డ పెరిగితే బిళ్ల కదలకుండా ఇరుక్కుపోతుంది. ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. చలి పోతుందని నాలుగు రోజులు మాత్ర ఆపడమంటే, ఫర్నేస్ వేడి ఎక్కువగా ఉందని చల్లబరిచే నీటిని ఆపేసినట్టే.

మూడో చలి: వణుకుతో వచ్చేది

ఒక రోజు తాతయ్య ఉన్నట్టుండి పళ్లు కొరుకుతూ వణికారనుకోండి. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. థర్మామీటరు పెడితే 39 డిగ్రీలు. ఒళ్లు కాలుతుంటే చలి ఎందుకు?

బాక్టీరియా వంటివి రక్తంలో చేరినప్పుడు రక్షణ కణాలు విడుదల చేసే పదార్థాలు హైపోథాలమస్‌లోని లెక్కను మారుస్తాయి. 37 కాదు, 39 ఉండాలని అది కొత్తగా నిర్ణయిస్తుంది. శరీరం ఇంకా 37 దగ్గరే ఉంది కాబట్టి మెదడుకు అది చల్లగా ఉన్నట్టే తోస్తుంది. వెంటనే రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు వణుకుతాయి, ఉష్ణోగ్రత పైకి పోతుంది. అంటే ఈ చలి వేడెక్కుతున్న శరీరం చేసే ప్రయత్నం.

మామూలు మనిషికి ఇది జలుబు జ్వరమో, మలేరియానో కావచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో, ముఖ్యంగా బస్తర్ వైపు, మలేరియా తెలిసిన జబ్బే. అందుకే చలిజ్వరం అనగానే ఇంట్లోవాళ్లు ముందు దోమను గుర్తుచేసుకుంటారు. ఆ పరీక్ష చేయించవలసిందే. కాని కవాటం మార్చుకున్నవారిలో దానికంటే ముందు గుర్తుకు రావలసినది కవాటానికి పట్టే బాక్టీరియా, అంటే ఎండోకార్డైటిస్. కృత్రిమ కవాటంలోకి రక్తనాళాలు ఉండవు, కాబట్టి రక్షణ కణాలు అక్కడికి సులువుగా చేరలేవు. బాక్టీరియా అక్కడ గూడు కట్టుకుంటుంది. చికిత్స ఆలస్యమైతే కవాటం ఊడిపోవచ్చు, ప్రాణం పోవచ్చు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. మందుల దుకాణంలో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వేస్తారు. జ్వరం కాస్త తగ్గుతుంది, బాక్టీరియా చావదు. ఆ తర్వాత ఆస్పత్రిలో రక్తాన్ని కల్చర్ పరీక్షకు పంపితే బాక్టీరియా దొరకదు. ఏ మందు ఇవ్వాలో తెలియదు. పైగా చాలా యాంటీబయాటిక్‌లు వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీస్తాయి. కాబట్టి క్రమం ఇదీ: ముందు ఆస్పత్రి, తర్వాత వేర్వేరు చోట్ల సూది గుచ్చి తీసిన రక్తంతో కల్చర్, ఆ తర్వాతే యాంటీబయాటిక్.

బాక్టీరియా నోటి నుంచి కూడా రక్తంలోకి రావచ్చు. అందుకే కవాటం మార్చుకున్నవారు పళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి. పన్ను పీకించుకునే ముందు, చిగుళ్లకు చికిత్స చేయించుకునే ముందు దంతవైద్యుడికి కవాటం సంగతి చెప్పాలి. ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాలో లేదో ఆయన చూస్తాడు.

ఇంట్లో మనం చేయగలిగినవి

చలేస్తోందని పెద్దవాళ్లు అన్నప్పుడు మొదట చేయవలసింది థర్మామీటరు పెట్టడం. ఉష్ణోగ్రతను, సమయాన్ని ఒక కాగితం మీద రాయండి. 38 డిగ్రీలు గానీ, అంతకు మించి గానీ ఉండి వణుకు ఉంటే అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. మాట తడబడినా, ఒక చేయి గానీ కాలు గానీ పట్టు తప్పినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, రోజూ వినిపించే కవాటపు టిక్ టిక్ శబ్దం మందగించినా క్షణం ఆగకూడదు.

ఉష్ణోగ్రత మామూలుగా ఉంటే కంగారు లేదు. మందపాటి దుప్పటి ఒక్కటి కప్పేకన్నా పలచని బట్టలు రెండు మూడు పొరలుగా వేయడం మేలు. పొరల మధ్య నిలిచే గాలి వేడిని పట్టి ఉంచుతుంది. పాదాలకు మేజోళ్లు వేయాలి. వైద్యుడు చెప్పినంత మేర రోజూ నడిస్తే కండరం పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. పప్పు, గుడ్డు, పాలు వంటివి తగినంత తినాలి. తోటకూర, పాలకూర, గోంగూర మానక్కరలేదు. వాటిలో విటమిన్ కె ఉంటుంది కాబట్టి ఒక వారం బాగా తిని, మరో వారం పూర్తిగా మానేయడం మాత్రం చేయకూడదు. రోజూ దాదాపు ఒకే కొలతలో తింటే మాత్ర మోతాదు కుదురుతుంది.

ఒళ్లు వెచ్చబడుతుందని మద్యం తాగడం తప్పు. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పుతుంది. వెచ్చగా అనిపిస్తుంది కాని లోపలి వేడి బయటికి పోతుంది. మాత్రల లెక్క కూడా చెడుతుంది. ఒళ్లు నొప్పులకని దుకాణంలో కొన్న మాత్రలు, ఎవరో చెప్పిన మూలికలు వైద్యుడిని అడగకుండా వాడకూడదు.

తాతయ్యకు ఏం చెప్పాలి?

ఇప్పుడు మళ్లీ ఆ వరండాలోకి వెళ్దాం. మనవడు ఇలా చెప్పవచ్చు. "తాతయ్యా, నీకు చలేస్తున్న మాట నిజమే. మాత్ర మాత్రం ఆపకు. అది రక్తాన్ని పలచన చేయదు, తోడు తగ్గిస్తుందంతే. ముందు జ్వరం చూద్దాం. జ్వరం లేకపోతే రేపు ఆస్పత్రికి వెళ్లి రక్తం ఎంతుందో, థైరాయిడ్ ఎలా ఉందో, ఐ.ఎన్.ఆర్. ఎంతో చూపించుకుందాం. మందుల చీటీ నేను పట్టుకొస్తాను."

ఈ నాలుగు మాటలకు పెద్ద చదువు అక్కర్లేదు. ఈ పాఠం చదివిన మీలో ఎవరైనా చెప్పగలరు. మీ విషయంలో కూడా ఒకటి గుర్తుంచుకోండి. జ్వరంతో కూడిన గొంతునొప్పి వస్తే తేలిగ్గా తీసుకోకుండా వైద్యుడికి చూపించుకోండి. ఆయన రాసిన మందును పూర్తి రోజులు వాడండి. ఈనాడు గొంతును కాపాడుకుంటే, రేపు కవాటం మార్చవలసిన పని చాలామందికి రాదు.

ఆలోచించండి

1. చలిగా అనిపించడానికి, శరీర ఉష్ణోగ్రత తగ్గడానికి తేడా ఏమిటి? రెండు ఉదాహరణలు ఇవ్వండి.

2. గుండె, ఊపిరితిత్తుల యంత్రం ఆపిన తర్వాత శరీరం లోపలి ఉష్ణోగ్రత మళ్లీ ఎందుకు తగ్గుతుంది?

3. పాలు, తోడు పోలికతో వార్ఫరిన్ చేసే పనిని మీ ఇంట్లోవారికి వివరించండి.

4. కవాటం మార్చుకున్న మనిషికి వణుకుతో జ్వరం వస్తే, కల్చర్ పరీక్షకు ముందు యాంటీబయాటిక్ ఎందుకు వేయకూడదు?

5. మీ ఇంట్లో థర్మామీటరు ఉందా? వారం రోజులు ఉదయం, సాయంత్రం మీ ఉష్ణోగ్రత చూసి పట్టిక రాయండి. రెండు పూటలకూ తేడా ఉందేమో గమనించండి.